ఆయన పేరున ఆవిడ నిద్ర

“ముందు ఆ మొహం మీద గీతలు తుడుచుకో. తరవాత మాట్లాడు.”

తుడిస్తే పోయే గీతలైతే ఈ రెండు నెలల్లో ఆవిడ ఎప్పుడో తుడిచేసుకునేది. ముక్కు పక్కనుంచి రెండు చెంపల మీదుగా చెవుల దాకా, సుద్దముక్కతో గుడ్డ మీద గీసినంత నిక్కచ్చిగా ఉన్నాయవి. రంగు మాత్రం ఎరుపు. ముక్కు దూలం మీద చిన్న పుండు కూడా ఉంది. కొత్త కళ్లజోడు ఒరుసుకుందని ఇంట్లో చెప్పింది, అందరూ నమ్మారు. పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించే టైలరమ్మ కళ్లజోడు మీద ఎవరికి అనుమానం వస్తుంది?

మంచం పక్కన స్టూలు మీద, నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకి పెట్టే గాలి మిషను ఇంకా గుయ్‌మంటూనే ఉంది. దాని గొట్టం దిండు మీదికి పాకింది. గొట్టం చివరి మాస్కు, రెండు నిమిషాల కిందటి దాకా ఆవిడ ముఖానికి ఉన్నది, ఇప్పుడు దుప్పటి మీద పడి ఎవరికీ అక్కర్లేని గాలి ఊదుతోంది.

డ్రైవరు గుమ్మంలోంచి కదల్లేదు. లారీతో పదింటికి యార్డుకు చేరి, అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరు దగ్గరికి వస్తానన్న మనిషి. పొద్దున్న ఆరున్నరకే, భుజాన సంచీతో, బస్సు దిగి ఇంటికొచ్చాడు. తన తాళంచెవితో తలుపు తీసి లోపలికొస్తే, కట్టుకున్న పెళ్లాం ఆయన మాస్కు పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

“ఎన్నాళ్లనించీ సాగుతోంది ఇది?”

“లారీ ఏదండీ?”

“నేనడిగింది చెప్పు.”

“రెండు నెలలు.” ఆవిడ చెయ్యి చాపి మిషను కట్టేసింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. “అరవై మూడు రాత్రులు. చాలా?”

“నాకు చెప్పకుండా?”

“చెప్తే వద్దంటారుగా.”

“వద్దనక? అది మందు. నాకిచ్చిన మందు నువ్వు మింగుతావా?”

“మీరు మింగి ఉంటే నాకెందుకు ఈ పాట్లు?” ఆవిడ గొంతు లేచింది. “గోడ మీద కాగితం అంటించాను, చూశారా ఎప్పుడైనా? రోజుకి నాలుగు గంటలకి తక్కువ కాకుండా, నెలకి ఇరవై ఒక్క రాత్రులు పెట్టుకోవాలి. మిషన్లో ఉన్న కార్డు అంతా రాసుకుంటుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న మూణ్ణెల్ల కాగితం అయిపోయాక, ఆ కార్డు చూసి డాక్టరమ్మ బండి నడపొచ్చని అసలు సర్టిఫికెట్టు ఇస్తుంది. లేకపోతే లేదు. మీరు పెట్టుకున్నది మొత్తం ఆరంటే ఆరు రాత్రులు. ఒక్కసారీ గంట దాటలేదు.”

“నువ్వు కాపలా కాశావా?”

“పక్కన పడుకునేదాన్ని నేనే కదా. మీరు మొదట్లో పీకి పారేసి, తరవాత ముట్టుకోనైనా ముట్టుకోకుండా అటు తిరిగి పడుకునేవారు. మీకు నిద్రపట్టాక నేను తీసి పెట్టుకునేదాన్ని. మీరు రోడ్డు మీద ఉన్న రాత్రులు ఆ బాధా లేదు. వంటిల్లు సర్దుకుని, లైటార్పి, గొట్టం తగిలించుకునేదాన్ని.”

డ్రైవరు సంచీ కింద పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. 

“అది పెట్టుకుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు? వందలో పోయే బండి కిటికీలోంచి తల బయట పెట్టినట్టుంటుంది. ఊపిరి తీసుకోవాలో, వచ్చేదాన్ని తోసెయ్యాలో తెలీదు.”

“నాకు తెలీదా?”

ఆ మాటకి ఆయన తల ఎత్తి మళ్లీ ఆ గీతల్ని చూశాడు. ఆవిడకి తెలుసు. ఆయనకంటే ఎక్కువే తెలుసు.

నిజానికి ఆయనకి ఊపిరాడకపోవడం ఒక్కటే కాదు, సిగ్గు కూడా. యార్డులో ఆయన్ని జనరేటరు అంటారు. గురక పెట్టాడంటే పక్క లారీలో పడుకున్నవాడు లేచి, కరెంటు పోయిందా అని చూస్తాడని వాళ్ల వేళాకోళం. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పేరుకి నవ్వుతూనే వచ్చాడు. అలాంటి మనిషి క్యాబిన్లో మూతికి గొట్టం తగిలించుకుని పడుకోవడమా? మిషన్ని లారీలో తీసుకెళ్లమని డాక్టరమ్మ చెప్పింది. ప్రతి ట్రిప్పుకీ ఆయన దాన్ని మర్చిపోయాడు. మర్చిపోవడం అంటే గుమ్మం దాకా మోసుకెళ్లి అక్కడ పెట్టి పోవడం.

“అయితే ఇవాళ ఏ మొహం పెట్టుకుని వెళ్దామనుకున్నారు?”

“ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మిషను పాడైందనేవాణ్ణి.”

“పాడవలేదని అదే రాసి పెడుతుందిగా!”

ఆవిడకి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆయనకి రానే లేదు.

“నన్ను దొంగని చేశావు.”

“డ్రైవరుగా ఉంచాను.” ఆవిడ దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. “నెల రోజులు ఇంట్లో కూర్చున్నప్పుడు చూశాను మిమ్మల్ని. మీకు నిద్రపట్టి బండి రోడ్డు దిగి బోర్డుని గుద్దాక, పరీక్షలయ్యేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని కంపెనీవాళ్లు అన్నప్పుడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే బళ్లు లెక్కపెట్టేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. ఆ మనిషిని మళ్లీ చూడటం నా వల్ల కాదు.”

 ఆవిడ దుప్పటి మడత మీద మడత వేసి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

“లారీ ఏదండీ?” అంది రెండోసారి.

“మీ తమ్ముడు తెస్తున్నాడు.” ఈ ట్రిప్పుకి రెండో డ్రైవరు అతనే.

“మీరెందుకు బస్సులో వచ్చారు?”

“త్వరగా చేరదామని.”

అబద్ధమాడేటప్పుడు ఆయన గడ్డం గోక్కుంటాడు. ఇప్పుడూ గోక్కున్నాడు. ఆవిడ చూసింది గాని, తన అబద్ధమే మంచం మీద పడి ఉండగా ఎదుటివాళ్లది తవ్వడానికి నోరు రాలేదు.

*

కూతురు తల తుడుచుకుంటూ వచ్చింది. మందుల షాపులో పని. ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి. ఇంట్లో మాటలన్నీ స్నానాల గది గోడలోంచి వినిపిస్తాయి కాబట్టి ఎవరూ ఏదీ చెప్పనక్కర్లేకపోయింది.

“కళ్లజోడన్నావు కదమ్మా.”

తల్లి చెయ్యి ముక్కు మీది పుండుకి వెళ్లింది.

“పుండుకి ఆయింట్‌మెంటు కూడా నేనే తెచ్చిచ్చాను.” మాస్కు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. “ఈ పట్టీకి కుట్లేంటి?”

“నాన్న తలకి కొన్నది కదా, నాకు వదులు. గాలంతా కళ్లలోకి కొట్టేది. రెండంగుళాలు లోపలికి పట్టాను.”

వదులుగా ఉన్న వస్తువుని ఆవిడ అలా వదిలేయలేదు. ముందు గదిలో పేర్చిన యాభై స్కూలు గౌన్ల నడుముల దగ్గర వేసిన కుట్టు, మాస్కు పట్టీ మీద వేసిన కుట్టు ఒకటే. నల్ల పట్టీ మీద నల్ల దారం, వెనక కనపడకుండా ముడి. దొంగపనిలో కూడా చేతివాటం తప్పలేదు.

“ఇప్పుడిది నాన్న తలకి ఎక్కదు,” అంది కూతురు. “డాక్టరు పెట్టుకుని చూపించమంటే?”

మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ లేచి ముందు గదిలోంచి బ్లేడు తెచ్చుకుంది. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ఒక్కో కుట్టూ తెంపసాగింది. ఇంతసేపు అరిచిన ఆయనే, మెల్లగా వెళ్లి, పట్టీ చివర బిగువుగా పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాడు. కూతురికి చిర్రెత్తుకొచ్చింది.

“బాగుంది. ఇద్దరూ ఒకటైపోయారా? అమ్మా, ఆ మిషను గంటలొక్కటే రాస్తుందనుకుంటున్నావా? ఊపిరి కూడా రాస్తుంది. గంటకి ఎన్నిసార్లు ఆగిందో లెక్కేస్తుంది.”

బ్లేడు ఆగింది. “అయితే?”

“నాన్నకి పరీక్ష చేసినప్పుడు గంటకి నలభైసార్లు ఆగింది. కార్డులో ఉన్నది నీ ఊపిరి.”

“నాకేం, నా ఊపిరి బాగానే ఉంటుంది. అయితే రిపోర్టు ఇంకా బాగా వస్తుందిగా?”

“అదే నేను చెప్పేది! బాగుంటే నాన్నకి నయమైందని రాస్తారు. నాన్నకి నయమైందా?”

 కూతురు తువ్వాలు కుర్చీ మీద పడేసింది.

“నయం కాని మనిషికి నయమైందని కాగితం ఇప్పించి, నలభై టన్నులు చేతిలో పెట్టి రోడ్డు మీదికి పంపుతున్నావు.”

“నాకేం కాదులేవే,” అన్నాడు తండ్రి.

“నాకు నీ గురించే కాదు నాన్నా భయం. రోడ్డు మీద నువ్వొక్కడివే ఉంటావా?”

డ్రైవరు చేతిలోంచి పట్టీ జారిపోయింది. అంత మాటకి ఆయన కోప్పడాలి. చెయ్యెత్తడం అలవాటు లేదు గాని గొంతెత్తడం అలవాటే. అలాంటివాడు పాలిపోయిన ముఖంతో లేచి, స్నానానికి నీళ్లు కాగాయా అని అడిగి వెళ్లిపోయాడు. కూతురు అది కోపమనుకుంది. తల్లి మాత్రం ఆయన వెళ్లినవైపే చాలాసేపు చూసింది.

చివరి కుట్టు తెగింది. పట్టీ మీద చిన్న చిన్న సూది రంధ్రాలు వరసగా మిగిలాయి. ఆవిడ గోటితో రుద్దింది. పోలేదు. మాస్కుని సంచీలో పెట్టి, అద్దం ముందు నిలబడి చెంపలకి దట్టంగా పౌడరు రాసుకుంది.

*

బస్సులో కిటికీ పక్క సీటు ఆయన ఆవిడకిచ్చాడు. గాలి మిషను సంచీ ఆవిడ ఒళ్లో ఉంది. పాపం, ఏదో ఒకటి మాట్లాడాలని ఇద్దరికీ ఉంది.

“ఈ డ్రైవరుకి గేరు మార్చడం రాదు,” అన్నాడాయన.

“అందరికీ మీలాగా వస్తుందా.”

అంతే. రెండు స్టాపులు దాటేసరికి ఆయన తల ఆవిడ భుజం మీద వాలింది. పట్టపగలు, పక్కన జనం అరుచుకుంటూ ఉండగా, పరీక్షకి వెళ్తున్న మనిషి నిద్రపోయాడు. గురక మొదలైంది. ముందు సీటులో ఒకామె వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

అంతలో గురక ఆగింది.

ఆవిడ అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెళ్లైన కొత్తలో ఆ గురకకి విసుక్కునేది. తరవాత తరవాత గురక ఆగితేనే మెలకువ వచ్చేది. ఒకటి, రెండు, మూడు. పది దాటితే మోచేత్తో పక్కలో పొడుస్తుంది. ఆయన గుక్క తిప్పుకుని, అటు తిరిగి, మళ్లీ మొదలుపెడతాడు. పొద్దున్నకి ఆయనకేమీ గుర్తుండదు. ఇన్నేళ్లలో ఎన్ని వేలసార్లు పొడిచిందో ఆ మోచేతికే తెలియాలి.

పదమూడు. పధ్నాలుగు. ఇవాళెందుకో ఆవిడ పొడవలేదు. దానంతట అది వస్తుందేమో చూద్దామనుకుంది. పదిహేడు. పద్దెనిమిది. ఆయన పెదాల రంగు మారుతున్నట్టనిపించింది. మోచేత్తో గట్టిగా పొడిచింది.

ఆయన ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ ముందుకి చాచి గాలిలో దేన్నో పట్టుకున్నాడు. పట్టుకుని పక్కకి తిప్పాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని బస్సుని చూడటం లేదు.

“ఏమండీ!”

“ఆఁ?” చేతులు కిందికి దించుకున్నాడు. “ఏం లేదు. దిగాలా?”

“ఇంకా మూడు స్టాపులుంది.”

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఆవిడ చేతిరుమాలు ఇచ్చింది. ఇంట్లో నా మోచేయి ఉంది, రోడ్డు మీద ఎవరిది ఉంది? ఈ ప్రశ్న ఇన్నాళ్లూ ఆవిడకి తట్టలేదు. తట్టకేం, తట్టింది. పక్కకి తోసేసింది. మాస్కు పెట్టుకుని పడుకున్న మొదటి రాత్రే తట్టింది.

*

డ్రైవర్ల డాక్టరమ్మ క్లినిక్కు టైర్ల షాపు పైన ఉంది. మెట్లెక్కేటప్పుడే రబ్బరు వాసన. బల్ల మీద నలుగురు డ్రైవర్లు, మూత్ర పరీక్షకిచ్చిన చిన్న ప్లాస్టిక్ కప్పులు చేతుల్లో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. రోడ్డు మీద ఎవరికీ దారివ్వని మొనగాళ్లు ఇక్కడ “మీరు ముందెళ్లండి” అంటే “కాదు మీరే” అనుకుంటున్నారు.

వీళ్ల వంతు పదకొండుంపావుకి వచ్చింది. డాక్టరమ్మది నడివయసు. మాట గట్టిది, చూపు మెత్తనిది. భార్యని కూడా లోపలికి రమ్మంది.

కళ్ల పరీక్ష అయింది. చివరి వరస దాకా తడుముకోకుండా చదివాడు. రక్తపోటు కొంచెం ఎక్కువ, ఫరవాలేదంది. తరవాత చెవులు. డాక్టరమ్మ ఆయన వెనక అయిదడుగుల దూరం వెళ్లి నిలబడి, ఒక చెవి మూసుకోమని, గుసగుసగా ఒక మాట అంది.

“వానాకాలం,” అన్నాడాయన.

రెండో చెవి.

“మేనమామ.”

“మీ చెవులు పాతికేళ్ల కుర్రాడివండీ,” అంది డాక్టరమ్మ వచ్చి కూర్చుంటూ. “ఇక అసలు సంగతి. కార్డేది?”

ఆవిడ సంచీలోంచి మిషను తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వెనకనున్న చిన్న కార్డు లాగి కంప్యూటరుకి పెట్టింది. ముగ్గురూ ఆ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. ఆవిడ పౌడరు మీద చెమట పట్టకుండా చేతిరుమాలు అద్దుకుంది.

డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి.

“మొదటి నెల ఆరు రాత్రులే, అవీ గంటలోపే. ఏం చేశారు?”

“అలవాటు పడలేదండీ,” అందావిడ చటుక్కున.

“తరవాత మాత్రం... అబ్బో! ఒక్క రాత్రి తప్పలేదే! ఆరేసి గంటలు, ఏడేసి గంటలు. ఊపిరి ఆగడం గంటకి ఒకటీ రెండూ, అంతే. నలభై నుంచి ఒకటికి!” ఆమె ముఖం వెలిగిపోయింది. “మీకు తెలీదు, నాకెంత సంతోషంగా ఉందో. మిషను ఇస్తే బట్టలారేసుకుంటారు తప్ప పెట్టుకునేవాడు లేడు. ఒక్కొక్కడికీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది. పగలు నిద్ర వస్తోందా?”

“లేదండీ.”

“బండి నడిపేటప్పుడు ఎప్పుడైనా కన్ను మూతపడిందా? ఈ మూణ్ణెల్లలో?”

ఆయన చెయ్యి మళ్లీ గడ్డం మీదికి వెళ్లింది.

“లేదు.”

డాక్టరమ్మ మాస్కు చేతిలోకి తీసుకుని పట్టీ చూసింది. సూది రంధ్రాల మీద ఆమె వేలు ఆగింది. “ఇదేంటి, కుట్టారా?”

“ఊడిపోతే మా ఆవిడ కుట్టింది.”

“అదృష్టవంతులు. ఇంట్లోవాళ్లు పట్టించుకుంటేనే ఇది నిలుస్తుంది.” ఆమె ఆవిడ వైపు చూసి నవ్వింది. ఆవిడ తల దించుకుంది. పొగడ్త అంత బరువుగా ఉంటుందని ఆవిడకి తెలీదు.

డాక్టరమ్మ సొరుగులోంచి కాగితం తీసి రాయసాగింది. మూణ్ణెల్లకి కాదు, ఏకంగా ఏడాదికి రాస్తానంది. బయట బల్ల మీదున్నవాళ్లకి ఆయనే నాలుగు మాటలు చెప్పాలంది, నా మాట వినరు మీ మాట వింటారు అంది. డ్రైవరు ‘సరే’ అన్నట్టు తలూపుతున్నాడు, ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు ఆవిడ ఫోను మోగింది. తమ్ముడు. “ఒక్క నిమిషమండీ,” అని వరండాలోకి వెళ్లింది. తలుపు పూర్తిగా పడలేదు.

“చెప్పరా. బండి చేరిందా?”

“చేరిందక్కా. బావ ఇంటికొచ్చాడా? ఎలా ఉన్నాడు?”

“ఎలా ఉండటమేంట్రా? బాగానే ఉన్నారు. డాక్టరు దగ్గరున్నాం.”



“నీకు చెప్పలేదా?”

“ఏంటి చెప్పేది?”

“ఎవరికీ చెప్పనని బావకి మాటిచ్చానక్కా.”

“నేను ఎవరో ఒకరినా? చెప్పు.”

తమ్ముడి గొంతు తగ్గింది. “నిన్న మధ్యాహ్నం. బావ నడుపుతున్నాడు, నేను సీటు వెనక బెర్తు మీద పడుకున్నాను. చక్కటి రోడ్డు, ఒక్క బండి లేదు. టైర్ల కింద కంకర చప్పుడైతే లేచి చూశాను. బండి రోడ్డు దిగిపోయింది. బావ గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. నేను పైనుంచి దూకి స్టీరింగు తిప్పాను. పక్కన నీళ్ల పంపు ఉందక్కా. పంపు ఇవతల సైకిలు నిలబెట్టి ఉంది. సైకిలు మీదనుంచి వెళ్లిపోయింది మన బండి.”

“మనిషి?”

“నీళ్లు తాగుతున్నాడు. నాలుగడుగుల అవతల.” తమ్ముడు ఆగాడు. “చేతిలో నీళ్లు అలాగే పట్టుకుని మమ్మల్ని చూశాడక్కా. తిట్టలేదు కూడా. బావ దిగి ఆ సైకిలు తీసి నిలబెట్టాలని చూశాడు. అది నిలబడదు కదా. నిలబెడుతూనే ఉన్నాడు. తరవాత వచ్చిన ఊళ్లో బస్సెక్కేశాడు. ఒక్క మాట మాట్లాడలేదు.”

ఆవిడ గోడకి చెయ్యి ఆనించింది. అరవై మూడు రాత్రులు. ఒక్కో రాత్రీ మొగుణ్ణి కాపాడుతున్నాననుకుంటూ లైటార్పి పడుకుంది. మిషను ఊదిన గాలంతా తన ఛాతీలోకి పోయింది. అటు రోడ్డు మీద ఆయన ఊపిరి ఆగుతూనే ఉంది. తను తిన్న అన్నానికి ఆయన కడుపు నిండుతుందా?  బల్ల మీద కప్పులు పట్టుకున్న నలుగురూ ఆవిడనే చూస్తున్నారు. వీళ్లందరికీ ఇళ్లలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, లెక్కపెట్టేవాళ్లు.

*

లోపల ధన్‌మని ముద్ర పడింది.

డ్రైవరు ఆ చప్పుడు విన్నాడు. తలుపు సందులోంచి ‘మనిషి?’ అన్న మాటా విన్నాడు. ఆయన చెవులు పాతికేళ్ల కుర్రాడివని ఇప్పుడే కదా పరీక్షలో తేలింది. డాక్టరమ్మ కాగితం అందించింది. మీద ఆయన ఫోటో, పేరు, కింద సంతకం, ముద్ర. ఏడాది పాటు చెల్లుతుంది. రెండు చేతులతో అందుకున్నాడు.

ఆవిడ లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆయన ఆవిడ ముఖంలోకి చూడలేదు.

“వెళ్దామా?” అన్నాడు, అప్పటికే సగం లేచి.

“కూర్చోండి.”

ఆయన కూర్చున్నాడు.

ఆవిడ చేతిరుమాలుతో కుడిచెంప తుడుచుకుంది. తరవాత ఎడమచెంప. ముక్కు మీద రుద్దితే పుండు చురుక్కుమంది, అయినా ఆపలేదు. పౌడరంతా పోయింది. కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఎర్రటి గీతలు రెండూ చెవుల దాకా కనిపించాయి.

“డాక్టరుగారూ, ఇవి ఎవరికి పడాలండీ? నాకా, ఆయనకా?”

డాక్టరమ్మ ఆవిడ ముఖం చూసింది. ఆయన నున్నటి చెంపలు చూసింది. బల్ల మీది మాస్కు తీసుకుని, పట్టీ మీది రంధ్రాలు వేలితో మళ్లీ తడిమింది. ఆమె ముఖంలో ఇందాకటి వెలుగు మెల్లగా ఆరిపోయింది. తిట్టినా ఆవిడకి అంత బాధ ఉండేది కాదు.

“అంటే ఈ రెండు నెలలూ...”

“నేనే పడుకున్నానండీ. ఆయన పేరున.”

“ఎందుకమ్మా?”

“ఆయనకి ఇంకో పని రాదండీ.” ఆవిడ చేతిరుమాలు మడిచింది. “తప్పు నాది. ఆయనకి ఇవాళ పొద్దున్నే తెలిసింది. మిగతాది నేను చెప్పను. అది ఆయన చెప్పాలి.”

డాక్టరమ్మ కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. కింద టైర్ల షాపులో ఎవరో గాలి కొడుతున్నారు. ఆయన కాగితం మీది తన ఫోటో వంకే చూస్తున్నాడు. ఆ ఫోటో కూడా ఎవరిదో అయినట్టు చూస్తున్నాడు.

“అది ఇలా ఇవ్వండి,” అంది డాక్టరమ్మ మెల్లగా. చెయ్యి చాపింది. “ఇచ్చి, మొదటినుంచీ చెప్పండి. పని పోయే దారి ఒక్కటే లేదు. నిలబెట్టుకునే దారి కూడా ఉంది. కానీ ముందు అది ఇవ్వాలి.”

ఆయన బొటనవేలు ముద్ర మీద ఉంది. ఇంకా ఆరని సిరా వేలికి అంటింది.

“ఏమండీ,” అంది ఆవిడ.

ఆయన నోరు తెరిచాడు.  

“నీళ్లు తాగడానికి దిగాడండీ,” అన్నాడు. “సైకిలు మనిషి. దాహం వేసి దిగాడు. దాహం వెయ్యకపోయి ఉంటే...”

అక్కడ ఆగిపోయాడు. కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. తుడుచుకోవాలంటే చెయ్యి ఖాళీ ఉండాలి.

డాక్టరమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంది. ఆయన రెండు చేతులూ కాగితాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.